వణుకుపిట్ట జవాబు

ఈల బాబాయ్‌ని దొంగ అన్నారు. చాటుగా కాదు, అటవీ ఆఫీసు వరండాలో, జీతాల రోజున కొండ దిగి వచ్చిన కాపలావాళ్ళందరూ వింటుండగా. అన్నది ఆఫీసరుగారు. ఆయన మామూలుగా గొంతు పెంచే మనిషి కాదు. కానీ పైనుంచి వచ్చిన నిపుణుడు పక్కనే నిలబడి ఉన్నాడు. అలాంటివాళ్ళు పక్కనుంటే ఎంత మెత్తటి మనిషికైనా గొంతు లేస్తుంది.

“కొండ మీద పిట్టా లేదు, గిట్టా లేదు. నువ్వే పెట్టె పెట్టి పలికిస్తున్నావ్. ఇన్నేళ్ళూ మా కళ్ళల్లో దుమ్ము కొట్టావ్. అవునా, కాదా?”

బాబాయ్ భుజాన ఆఫీసువాళ్ళిచ్చిన టేపు పెట్టె వేలాడుతోంది. దాన్ని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. “పిట్ట ఉంది సార్. ఇవాళ పొద్దున కూడా పలికింది” అన్నాడు.

“పలికింది, కాదన్లేదు” అన్నాడు నిపుణుడు. “రోజూ ఒకేలా పలుకుతోంది. అదే పొడవు, అదే విరుపు. బతికున్న పిట్ట ఏదీ అలా పలకదు. చెట్ల మధ్య ఎక్కడో ఇంకో పెట్టె దాచాడు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయ్ ఆ వైపు చూడలేదు. ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డ బొమ్మలమ్మ వైపు చూశాడు.

ఆమెకు ఆ పేరు ఆఫీసువాళ్ళు పెట్టిందే. అడవిలో చెట్లకు కట్టిన రికార్డర్లు పట్టుకొచ్చిన చప్పుళ్ళను కంప్యూటర్లో బొమ్మలుగా మార్చి, ఏ అరుపు ఏ ప్రాణిదో చెప్పడం ఆమె పని. మొదట్లో వెక్కిరింతగా పిలిచారు, తర్వాత అదే అలవాటైపోయింది. జీతం పట్టీలో తప్ప ఆమె అసలు పేరు ఇప్పుడెక్కడా వినపడదు.

“నువ్వు తేల్చమ్మా” అన్నాడు ఆఫీసరు. “వారం తిరక్కుండా నాకు రిపోర్టు కావాలి. దొంగతనమని తేలితే ఈయన ఇంటికి పోతాడు. కాదని తేలితే నేనే ఇదే వరండాలో అందరి ముందూ తప్పు ఒప్పుకుంటా.”

వణుకుపిట్ట ఉన్నంతకాలమే ఆ కొండ అడవి. అది లేదని ఎవరైనా రాసిచ్చిన మర్నాడు కొండ రాళ్ళ కంపెనీదవుతుంది. ఆ సంగతి వరండాలో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనలేదు. పిట్టను కళ్ళారా చూసినవాళ్ళు ఆఫీసులో ఎవరూ మిగల్లేదు. ఉన్నదల్లా ఎప్పుడో ఎవరో పట్టిన దాని ఈల ఒక్కటే. దాన్నే రెండు టేపుల్లోకి ఎక్కించి, కొండకు తూర్పున బాబాయ్‌కి ఒకటి, పడమట ఆయన బావమరిదికి ఒకటి ఇచ్చారు. కాపలా గుడిసె ముందున్న రాతి మీది నంబరు కంటికి ఆనేంత వెలుతురు రాగానే ఈల వినిపించాలి. ఆగి చెవి ఒగ్గాలి. జవాబు వస్తే మళ్ళీ ఒకసారి వినిపించాలి. ఇదీ రూలు. ఇద్దరికీ జవాబు వస్తోంది. పిట్ట నడిమి శిఖరం మీద ఉంటోందని ఇద్దరూ చెబుతూ వచ్చారు.

బావా బావమరుదులకు మాత్రం మాటల్లేవు. కొండకు అటొకరూ ఇటొకరూ, జీతాల రోజున వరండాకు ఆ చివరొకరూ ఈ చివరొకరూ.

మర్నాడు బాబాయ్ పెట్టె పట్టుకుని ల్యాబ్‌కొచ్చాడు. స్టూలు మీద కూర్చోమంటే అంచున ఆనుకున్నాడే గానీ కూర్చోలేదు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. ఆయన ఖాకీ చొక్కా ఉతికి ఇస్త్రీ చేసి ఉంది. దొంగ అనిపించుకున్న మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

“బాబాయ్, మీ టేపు ఒకసారి వెయ్యండి” అంది.

ఆయన మీట నొక్కాడు. ఈల సన్నగా మొదలై, చివరికంటా చలి పట్టినట్టు వణికి ఆగింది. ఆ వణుకు వల్లే దానికా పేరు. ఆమె రికార్డు చేసుకుంది. తర్వాత శిఖరం మీద తను కిందటి నెల కట్టించిన కొత్త రికార్డరు తెచ్చిన చప్పుళ్ళు తీసింది. బాబాయ్ పెట్టె పలికిన ఈల ఒకటి, దాని వెనకే వచ్చిన జవాబు ఒకటి. రెండింటినీ పక్కపక్కన బొమ్మలు చేసింది. రెండింటిలోనూ వణుకు సన్నటి మెలికలుగా, అచ్చు గుద్దినట్టు ఒక్కలాగే పడింది.

“అదేనా పిట్ట?” అన్నాడు బాబాయ్ వంగి చూస్తూ. పిల్లల ఫొటో చూపిస్తే వంగినట్టు వంగాడు.

ఆమె ఇంకా తెర వైపే చూస్తోంది. చప్పుడును బొమ్మగా మార్చాలంటే ముక్కలుగా కోయాలి. చిన్న ముక్కలుగా కోస్తే ఏ క్షణాన ఏం మారిందో తెలుస్తుంది గానీ, స్వరం ఎంత ఎత్తున ఉందో మసకబారుతుంది. పెద్ద ముక్కలుగా కోస్తే స్వరం గీత గీసినట్టు తేలుతుంది, వేగంగా జరిగేదంతా అందులో కలిసిపోతుంది. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. ఈ ఆఫీసులో మొదట్నుంచీ చిన్న ముక్కలే. పిట్ట వణుకు వేగమైంది, అది కనపడితే పిట్ట ఉన్నట్టేనని ఆమెకు ముందున్నాయన చెప్పి వెళ్ళాడు. అదే పద్ధతి, అదే సైజు, ఏళ్ళ తరబడి. ఆమె కూడా దాని జోలికి పోలేదు. వెతుకుతున్నది దొరుకుతుంటే పద్ధతిని ఎవరు మారుస్తారు?

ఇప్పుడు మార్చింది. ముక్క సైజు పెంచింది. మెలికలు మాయమై, వాటి చోట సమాన దూరంలో గీతలు ఒకదాని మీదొకటి పడ్డాయి, నిచ్చెన మెట్లలా. ఇంకా కొంచెం పెంచింది. అప్పుడు కనపడింది. మెట్లన్నీ కలిసికట్టుగా, మెల్లగా, పైకీ కిందికీ ఊగుతున్నాయి.

ఆమె బాబాయ్ పెట్టె మూత విప్పింది. లోపల మోటారు నుంచి చక్రానికి వెళ్ళే రబ్బరు బెల్టు సాగిపోయి ఉంది. చక్రం తిరిగినప్పుడల్లా బెల్టు ఒకచోట జారుతోంది. జారినప్పుడల్లా టేపు కాస్త నెమ్మదించి మళ్ళీ అందుకుంటోంది. చెవికి అందనంత తేడా. ఆ తేడాయే మెట్లను ఊపుతోంది. బాబాయ్ పెట్టె ఊపు కొంచెం వడిగా ఉంది. జవాబులో ఊపు నిదానంగా, బరువుగా ఉంది. పది రోజుల జవాబులు తీసి చూసింది. అన్నింటిలోనూ ఆ నిదానమైన ఊపే.

“బాబాయ్, జవాబిచ్చింది మీ పెట్టె కాదు” అంది.

“నేనదే కదమ్మా మొత్తుకుంటున్నా” అన్నాడాయన. అప్పుడు స్టూలు మీద పూర్తిగా కూర్చున్నాడు. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. “ఆ కాగితం మీద బాగా కనపడేట్టు రాయి. పెద్ద అక్షరాలతో. నవ్వాడే, ఆ నవ్వినవాడికి కూడా చదివి వినిపించాలి.”

ఆమె తలూపింది. చెప్పాల్సిన రెండో సగం నోట్లోనే ఉండిపోయింది. జవాబులో ఊపు వేరే, నిజమే. కానీ ఊపంటూ ఉంది. పిట్టకు మోటారూ బెల్టూ ఎక్కడివి?

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు ముంగిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఆవిడకు కోడలి ఉద్యోగం మొదటి రోజు నుంచీ పెద్ద విడ్డూరం. “పిట్ట అరిస్తే వినాలి గానీ చూడ్డమేంటే? రేపు పూల వాసనని తూకం వేస్తానంటావేమో” అని ఇరుగుపొరుగు ముందు మేలమాడుతుంది. అలా ఆడుతూనే ప్రతి కేసూ అడిగి తెలుసుకుంటుంది.

“ఆ పెద్దాయన పేరు నిలబడుతుందా?”

“నిలబడుతుంది అత్తయ్యా.”

“మరి మొహం అలా వేలాడేసుకున్నావేం?”

కోడలు సంచీ కింద పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. అత్తగారు రెట్టించలేదు. అన్నం వడ్డించేటప్పుడు మాత్రం మామూలు కంటే ఒక గరిటె ఎక్కువ పెట్టింది.

పడమటి వైపు వెళ్ళాలంటే కొండ చుట్టూ తిరిగి, జీపులో సగం పూట. దారి అంత పొడవు కాబట్టే ఒక వైపు చప్పుడు ఇంకో వైపుకు వినపడుతుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. జీపుకు చుట్టుదారి గానీ గాలికి కాదు. శిఖరం పక్కన కొండ విరిగి చిన్న సందు ఉంది. బొమ్మలమ్మ గుడిసె ముందు దిగి తలెత్తగానే, ఆ సందులోంచి అవతలి ఆకాశం కనపడింది. ఆమె కంప్యూటర్ సంచీ భుజానికెత్తుకుని గుడిసె వైపు నడిచింది.

బావమరిది ఆమెకు టీ కాచి ఇచ్చాడు. సన్నటి మనిషి, చేతులు ఊరికే ఉండవు. మాట్లాడుతున్నంతసేపూ పుల్లలు విరుస్తూ పొయ్యిలో పెడుతూనే ఉన్నాడు.

“అవతల ఏదో గొడవైందటగా” అన్నాడు. బావ అనలేదు, పేరూ అనలేదు. “ఆయన దొంగతనం చెయ్యడు. దానికీ ఓ శ్రద్ధ ఉండాలి. ఆయన శ్రద్ధంతా పిట్ట మీదే. మా అక్కకి ఆయాసం ఎక్కువైన పొద్దున కూడా ‘ఒక్కసారి వినిపించి వచ్చేస్తా’ అని కొండెక్కాడు. వచ్చేసరికి అక్క లేదు. ఇక ఆయనతో నాకేం మాటలుంటాయి చెప్పండి?”

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. పెట్టె అడిగింది. అతను చంటిపిల్లను అందించినట్టు రెండు చేతులతో అందించాడు. ఆమె ఈల రికార్డు చేసుకుని, మోకాళ్ళ మీద కంప్యూటర్ పెట్టుకుని అక్కడే బొమ్మ తీసింది. మెట్లు నిదానంగా, బరువుగా ఊగాయి. శిఖరం మీద రికార్డరు పట్టుకున్న జవాబు పక్కన పెట్టింది. ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేదు.

తూర్పున ముందు తెల్లారుతుంది. బాబాయ్ ముందు వినిపిస్తాడు. పడమట కొండ నీడలో రాతి మీది నంబరు కాస్త ఆలస్యంగా కనపడుతుంది. అప్పుడు ఇతను వినిపిస్తాడు. అది బాబాయ్‌కి జవాబు. జవాబు వచ్చింది కాబట్టి రూలు ప్రకారం బాబాయ్ మళ్ళీ వినిపిస్తాడు. అది ఇతనికి జవాబు. ఎవరూ మోసం చెయ్యలేదు. ఇద్దరూ చెప్పిన పని చెప్పినట్టు చేశారు, అంతే. పిట్ట ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

“బాగుందా అమ్మా నా పెట్టె?” అన్నాడతను.

“బాగుంది” అంది ఆమె.

బాబాయ్ ఉండేది ఊళ్ళో, బస్సులు ఆగే వీధి వెనక ఒక గదిలో. ఆమె వెళ్ళేసరికి బట్టలు ఆరేస్తున్నాడు. చెప్పకుండా ఉంటే బాగుండునని దారి పొడవునా అనుకుంది. కానీ రేపు రిపోర్టు ఇవ్వాలి. ఆయన పేరు నిలబెట్టే కాగితమే ఆయన పిట్టను చంపుతుంది. ఆ ముక్క ఆఫీసరు నోటి నుంచి వినడం కంటే తన నోటి నుంచి వినడం నయమనుకుంది.

కంప్యూటర్ మంచం మీద పెట్టి మూడు బొమ్మలూ చూపించింది. ఇది మీ పెట్టె, ఇది జవాబు, ఇది మీ బావమరిది పెట్టె. ఆయన వేలితో మెట్లను తడిమాడు. చాలాసేపు తడిమాడు.

“అయితే వాడా?” అన్నాడు చివరికి.

“అవును బాబాయ్.”

“ఇన్నేళ్ళూ రోజూ పొద్దున్నే…” నవ్వబోయాడు, నవ్వు సగంలో తెగిపోయింది. “నా మొహం చూడనని ఒట్టేసుకున్నాడమ్మా వాడు. మొహం చూడలేదు గానీ, ఒక్క పొద్దు కూడా తప్పలేదన్నమాట.”

తడి లుంగీ ఇంకా ఆయన చేతిలోనే ఉంది. నీళ్ళు కారి ఆయన పాదాల మీద పడుతున్నాయి. అది ఆయనకు తెలిసినట్టు లేదు. పిట్ట కోసం పెళ్ళాం చివరి మాట కూడా వినలేకపోయిన మనిషి. ఆ పిట్ట అప్పటికే లేదేమో. ఆ లెక్క ఆయన మనసులో కట్టుకుంటున్నాడని ఆమెకు తెలిసింది. తనకే ఏడుపొచ్చింది.

“నువ్వు ఇదంతా రాస్తే ఏమవుతుంది?” అన్నాడు.

“మీరు దొంగ కాదని తేలుతుంది.”

“అది కాదమ్మా. కొండ?”

ఆమె తల దించుకుంది.

“వాడి ఉద్యోగం?”

“పిట్ట లేకపోతే కాపలా దేనికి బాబాయ్?”

ఆయన లుంగీ పిండి, దులిపి, తీగ మీద ఆరేశాడు. మూలలు సమానంగా సర్దాడు. “వాడికి మాత్రం చెప్పకు. మాటివ్వు. అక్క లేదు, పెళ్ళీ చేసుకోలేదు. వాడికి మిగిలింది ఆ పిట్టే” అన్నాడు. ఆమె మాటిచ్చింది. అంతవరకే అనుకుని ఇచ్చింది.

మర్నాడు రిపోర్టు పట్టుకుని ఆఫీసరు గదిలోకి వెళ్ళేసరికి బాబాయ్ అప్పటికే అక్కడ ఉన్నాడు. అదే ఇస్త్రీ చొక్కా. టేపు పెట్టె బల్ల మీద ఉంది, పక్కన గుడిసె తాళం.

“రామ్మా, నీకు శ్రమ తప్పింది” అన్నాడు ఆఫీసరు. “ఒప్పుకున్నాడు. ఇంకో పెట్టె కొని చెట్టు మీద పెట్టాట్ట. ఇప్పుడు దాన్ని ఏట్లో పారేశాట్ట.”

“సార్, అది నిజం కాదు…” అంది ఆమె.

“నిజమే సార్” అన్నాడు బాబాయ్. ఆమె వైపు తిరగలేదు. “తూర్పు వైపు నేను చెప్పినవన్నీ అబద్ధాలు. పడమట మా బావమరిది చెప్పినవి నిజాలు. వాడు అబద్ధమాడే మనిషి కాదు. పిట్ట వాడి వైపు ఉంది సార్. నా వైపే లేదు. వాడి పేరు బాగా వస్తుంటే కళ్ళల్లో నిప్పులు పోసుకుని నేనీ పని చేశాను.”

ఆమె చేతిలో కాగితాలున్నాయి. ఒక్క మాట చాలు, ఆయన దొంగ కాదు. అదే మాటతో కొండ పోతుంది, బావమరిది పోతాడు. బాబాయ్ అప్పుడు ఒక్కసారి ఆమె వైపు చూశాడు. నిన్న ఇచ్చిన మాట ఇంత దూరం వస్తుందని ఆమె అనుకోలేదు. కాగితాలు మడిచి పట్టుకుంది.

“పోనీలే, పోలీసుల దాకా వద్దు, వయసైంది” అన్నాడు ఆఫీసరు. నిజానికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. నిపుణుడి మాటా నిలబడింది, పిట్టా నిలబడింది, కొండా నిలబడింది. పోయింది ఒక్క ముసలాయన. “తూర్పు వైపు లెక్కలు కొట్టేసి, పడమటివి ఉంచెయ్యమ్మా.”

బాబాయ్ వరండా దాటి వెళుతుంటే కాపలావాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ పలకరించనూ లేదు. ఆయన గేటు దగ్గర చెప్పులోకి దూరిన రాయిని దులుపుకుని, బస్సుల వీధి వైపు నడిచిపోయాడు.

ఆమె రిపోర్టు సొరుగులో పడేసి తాళం వేసింది. తప్పో ఒప్పో, ఆయన కోరిందే జరిగిందని సర్దిచెప్పుకుంది. ఆయన పేరు పోయినా, ఆయన కాపాడిన కొండైనా నిలుస్తుందనుకుంది.

కొద్ది రోజుల తర్వాత శిఖరం మీది రికార్డరు నుంచి చప్పుళ్ళు వచ్చాయి. అలవాటు కొద్దీ తెరిచింది. పడమటి పెట్టె ఈల, నిదానంగా ఊగే మెట్లు. ఆ తర్వాత గాలి, ఆకులు, ఏదో పురుగు. ఆ మర్నాడిది తెరిచింది. ఈల, తర్వాత గాలి. ఇంకోటి తెరిచింది. ఈసారి బావమరిది ఈల రెండుసార్లు వినిపించాడు, ఆగాడు, రూలు కాకపోయినా మూడోసారీ వినిపించాడు. తర్వాత గాలి.

అప్పుడర్థమైంది ఆమెకు. జవాబిచ్చే మనిషిని ఇంటికి పంపేశారు. ఇక అతనికి జవాబు ఎక్కడి నుంచి వస్తుంది? పడమటి లెక్కలు కూడా కొన్నాళ్ళలో ఖాళీ అవుతాయి. పిట్ట లేదని అప్పుడు ఎవరో ఒకరు రాస్తారు. కొండ ఎలాగూ పోతుంది. బాబాయ్ తన పేరు ఊరికే పారేసుకున్నాడు. ఈ సంగతి ఆయనకు తట్టలేదు. చదువుకున్న తనకూ తట్టలేదు.

రెండు చేతుల్లో మొహం దాచుకుని కూర్చుంది. గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

బావమరిది. చంకలో పెట్టె. చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, బావ కూర్చున్న స్టూలు మీదే, అలాగే అంచున ఆనుకున్నాడు.

“నా పెట్టె పాడైందేమో చూడమ్మా. పిట్ట పలకట్లేదు. గొంతు మారిందేమో, దానికి నచ్చట్లేదేమో.”

ఆమె మూత విప్పింది. చూడ్డానికేమీ లేదని తెలిసి కూడా బెల్టు తుడిచింది. “పెట్టె బాగానే ఉంది” అంది.

“మరి? ఆయన్ని తీసేసిన రోజు నుంచీ ఇంతే. ఆ కొండకి ఆయనే ముందు వెళ్ళినవాడు. ఆయన కనపడక బెంగ పెట్టుకుందేమో.” చేతులకు పుల్లలు లేక చొక్కా బొత్తం తిప్పుతున్నాడు. “ఒక్కసారి పాత జవాబు వినిపిస్తావా? చెవిలో ఉంటుంది. కొండ మీద గుర్తుపట్టాలిగా.”

ఆమె వెతికి, బాబాయ్ చివరిసారి కొండెక్కిన పొద్దుటిది తీసింది. ఇతను పలికించాక తూర్పు నుంచి వచ్చిన జవాబు అది. స్పీకర్లో ఈల సన్నగా లేచి వణికింది.

అతను కళ్ళు మూసుకున్నాడు. “ఇదే. ఇదే గొంతు” అన్నాడు. “మా అక్క పోయిన మర్నాడు కూడా కొండెక్కాను నేను. ఇంట్లో ఉండలేక. ఆ పూట ఇది ఆపలేదమ్మా. నేను మానేసినా ఇది పలుకుతూనే ఉంది. పొద్దెక్కేదాకా. నాకోసమే అనుకున్నా. ఆ ఒక్క పూట ఇది లేకపోతే నేనేమైపోయేవాణ్ణో.”

తెర మీద బాబాయ్ పెట్టె మెట్లు వడిగా ఊగుతున్నాయి. ఆమె గొంతు దాకా వచ్చిన పేరును మింగేసింది. మాటిచ్చింది మరి.

ఆమె ఈలను మరోసారి వినిపించి ఆపింది. అతను కళ్ళు తెరవకుండానే పెట్టె ఒళ్ళోకి లాక్కుని మీట నొక్కాడు. జవాబు వస్తే మళ్ళీ ఒకసారి వినిపించాలన్నది రూలు. అతని పెట్టె ల్యాబ్ గదిలో నిదానంగా పలికి ఊరుకుంది. అతను స్పీకరు వైపు చెవి ఒగ్గి కూర్చున్నాడు. బయట వరండాలో ఎవరో కుర్చీ లాగారు.

“అలవాటమ్మా” అన్నాడు కొంతసేపటికి, సిగ్గుపడుతూ. పెట్టె మూత బిగించి లేచాడు. “రేపు ఇంకాస్త ముందే వెళ్ళి చూస్తాను.”